వాకిలి పిలిచిన పేరు

సోమవారం. పందిరి మీద దుమ్ము, గాలి లేదు.

పొద్దున్నే ఆవిరి గిన్నె మొరాయించింది. నాలుగు తగిలించాక దారికొచ్చింది. ఈ పార్లర్లో నా మాట వినేది అదొక్కటే, అది కూడా దెబ్బకి గానీ వినదు.

ఎవరి ముఖానికి ఏం రాశానో చెప్పే పట్టీలు పైవాళ్ళకి ఎలాగూ పంపుతున్నాను. వాటిలో గళ్ళు చిన్నవి, నా నోరు పెద్దది. మిగిలిందంతా ఇక్కడ రాసుకుంటున్నాను. నా పేరు పైడితల్లి. మా వైపు అక్కని అప్ప అంటాం కాబట్టి ఊరంతటికీ పైడప్పని. నాకంటే పెద్దవాళ్ళు కూడా అప్ప అనే అంటారు. ముఖం చూసి ఎవరు పెద్దో చెప్పడం ఈ ఊళ్ళో ఎవరి తరమూ కాదు.

మొదటి బేరం బడి పంతులమ్మ. నీళ్ళ వాకిలి రెండుసార్లు చూసి గానీ తన పేరు పలకలేదని లబలబలాడుతూ వచ్చింది. చూస్తే దవడ కింద కాస్త జారింది, అంతే. పాతికేళ్ళు నిండిన రోజున వాకిళ్ళ లెక్కలో రాయించుకున్న ముఖం ఎలా ఉందో అలాగే ఉండాలి కదా మరి. అలా ఉంటేనే వాకిలి "రండి, ఫలానా గారూ" అంటుంది, అంటేనే తలుపు తీస్తుంది, తీస్తేనే నీళ్ళు, తీస్తేనే అన్నం. పాతకాలంలో ఆడవాళ్ళు అందం కోసం ఫేషియల్ చేయించుకునేవారట. ఇప్పుడు ఆడా మగా అంతా అన్నం కోసం చేయించుకుంటున్నారు. ముఖం పాతికేళ్ళది, మెడ అరవయ్యేళ్ళది, మడమల సంగతి చెప్పనే అక్కర్లేదు. పంతులమ్మకి ఆవిరి పట్టి, కలబంద గుజ్జు రాసి, గడ్డం కింద నుంచి చెవుల దాకా పైకి పైకి తోసి పంపాను. వెళ్ళేటప్పుడు పక్క వాకిలి ఒక్క చూపుకే పేరు పలికింది. విని వెనక్కి చూసి నవ్వింది.

సాయంత్రం తౌడమ్మ. ఈవిడ కేసు వేరు. లోకమంతా వాపు తగ్గించు అంటే ఈవిడకి వాపు తెప్పించాలి. ముఖం రాయించుకున్న రోజున తౌడమ్మకి నిండు నెలలు. ముఖం బూరె మాదిరి పొంగి ఉంది. రెండు రోజులు ఆగి రాయించుకుంటాను బాబూ అంటే అధికారి వినలేదట. ఇక అప్పట్నుంచీ బతుకంతా ఆ బూరె ముఖాన్నే కాపాడుకోవాలి. మామూలు వాళ్ళకి పైకి తోస్తే ఈవిడకి కిందికి తొయ్యాలి. కళ్ళ కింద బొటనవేలితో నీరు దిగేలా ఒత్తాలి. పైగా వచ్చిన ప్రతిసారీ గ్లాసుడు ఉప్పునీళ్ళు తాగించాలి. మూతి వంకర తిప్పుకుంటూ తాగుతుంది.

ఆనాడు కడుపులో ఉన్న పిల్లే కుసుమ. ఇప్పుడు ఊరంతటికీ ఎండ తగలకుండా కట్టిన పందిరిని కుట్టే పనిలో ఉంది. తెల్లవారకముందే నిచ్చెనెక్కి, ఎండ మీదపడేలోగా చిరుగులు కుట్టి దిగుతారు వాళ్ళు. కిందటేడు ముఖం రాయించుకుంది. తల్లి ముఖంలోంచి వాపు తీసేస్తే కుసుమ ముఖం. అమ్మ కోసం వచ్చి గుమ్మంలో నిలబడి, "నా వల్లే కదేటమ్మా నీకీ ఉప్పునీళ్ళు" అని ఆటపట్టించింది. దాని బుగ్గలు ఎండకి కమిలి ఉన్నాయి. కూర్చోబెట్టి పెరుగులో పెసరపిండి కలిపి పట్టించాను. అది మాట్లాడుతూనే ఉంది, పిండి ఎండకముందే బీటలు వారింది. నోర్ముయ్యమంటే ఇంకా నవ్వింది.

గురువారం. గాలి.

ఈ రోజు పక్కవీధి పెద్దాయనకి ఆఖరి పిలుపు. నాకు నచ్చని పనీ ఇదే, ఇంకొకరికి అప్పగించని పనీ ఇదే. పోయినవాళ్ళ ముఖం కండ వదిలేస్తుంది. దాన్ని నలుగు పెట్టి, నూనెతో ఒత్తి, వాకిలి గుర్తుపట్టేలా నిలబెట్టాలి. బండి మీద పడుకోబెట్టి పందిరి చివరికి తీసుకెళ్ళాలి. అక్కడ వాకిలి చివరిసారి చూసి, పేరు పిలిచి, ఆ పేరు తనలోంచి తీసేస్తుంది. అవతల ఎండలో కాటి పొయ్యి.

ఆ పిలుపప్పుడు అందరూ ముఖాలు తిప్పుకోవాలి. శవం ముఖం మీద గుడ్డ తీసే నేను కూడా తల వంచుకునే తీస్తాను. ఎప్పుడో ఒకావిడ మొగుడి మీద పడి ఏడుస్తుంటే వాకిలి ఆయన్ని వదిలేసి ఆవిణ్ణి చూసి, ఆవిడ పేరు తీసేసిందట. అప్పట్నుంచీ ఇంకో ఆచారం కూడా వచ్చింది. పిలుపు అయ్యేదాకా ఎవరూ ఏడవకూడదు. అయ్యాక ఎంతైనా ఏడవచ్చు.

ఈ వాకిలికి మాటలు ఎవరు నేర్పారో గానీ మనవాళ్ళే అయి ఉండాలి. ఇంట్లోంచి కదిలేవాళ్ళని మనం ఏనాడూ వెళ్ళమనం, వెళ్ళి రమ్మంటాం. అది కూడా అంతే. బతికున్నవాళ్ళని "రండి" అంటుంది, పోయినవాళ్ళని "వెళ్ళి రండి" అంటుంది.

ఆదివారం. పందిరి ఉత్తరం అంచు చిరిగింది.

కుసుమ పడిపోయింది.

అమావాస్య వెళ్ళిన మర్నాటి గాలి అది. ఉత్తరం అంచు ఫట్టున చిరిగి, కుడుతున్న పిల్ల కుట్టుతోపాటు అవతలికి వెళ్ళిపోయింది. దాని జట్టు పెద్ద బంగారమ్మ తాడు కట్టుకుని ఎండలోకి దిగి వెతికింది. ఇసక తప్ప ఏమీ లేదు. చేతులు బొబ్బలెక్కి తిరిగి వచ్చింది. నా దగ్గరికొస్తే వేపాకు నూరి వేశాను.

శవం లేదు. శవం లేకపోతే ముఖం లేదు. ముఖం లేకపోతే పిలుపు లేదు. తౌడమ్మ ఇంటికి వెళ్ళాను. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళు పొడిగా. పిలుపు అవ్వకుండా ఎలా ఏడుస్తుంది? వీధి చివరికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మంగళవారం. దుమ్ము.

తౌడమ్మ తన వంతుకి వచ్చింది. వీధి వాకిలి రెండుసార్లు చూసి గానీ పిలవలేదట. పిలవదు మరి. తొమ్మిది రోజుల్లో మనిషి సగమైపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి. ఉప్పునీళ్ళు ఇస్తే గుటక దిగలేదు, కక్కేసింది.

సరేలే అని పడుకోబెట్టాను. వాపు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మనిషికి కాస్త విశ్రాంతి కావాలి అనుకున్నాను. గోరువెచ్చని నూనె తీసుకుని నుదుటి నుంచి కణతల దాకా, ముక్కు పక్క నుంచి చెవి దాకా మెల్లగా పైకి ఒత్తాను. కళ్ళు మూసుకుంది. నేనూ ఏదో ఆలోచనలో ఉన్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పూర్తయ్యాక తడిగుడ్డతో నూనె తుడిచి చూద్దును కదా, బల్ల మీద కుసుమ పడుకుని ఉంది.

నా చేతులు దాని ముఖం చేసేశాయి. ఏ ముఖానికి ఏ ఒత్తు అన్నది మెదడుకంటే వేళ్ళకే బాగా గుర్తుంటుంది. మెత్తబడిన తల్లి ముఖం కింద కూతురి ఎముక దొరికింది, అంతే, అటే వెళ్ళిపోయాయి. గబగబా మళ్ళీ కిందికి ఒత్తబోయాను. తౌడమ్మ నా చెయ్యి పట్టుకుని, సుఖంగా ఉందప్పా, వదిలెయ్యి అంది. వదిలేశాను. ఈ చేతుల గురించి ఊళ్ళో ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో. ఇప్పుడు వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

బుధవారం.

పొద్దున్నే తలుపు బాదింది తౌడమ్మ. ఊపిరాడటం లేదు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను.

"అన్నం వాకిలి నన్ను సూసి కుసుమ గారూ అన్నాదప్పా. రండి, కుసుమ గారూ అన్నాది. నానేటీ సెయ్యలేదు, ఊరికే నిల్సున్నాను."

ఆ ముఖంలో భయం ఉంటుందనుకున్నాను. లేదు. పిల్ల పుట్టినప్పుడు మొదటిసారి చేతిలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. నాకు భయం వేసింది.

శనివారం. ఎండ, పందిరి కింద కూడా.

తౌడమ్మ రోజంతా తిరుగుతోందట. దాహం లేకపోయినా నీళ్ళ వాకిలికి వెళుతుంది. ఆకలి లేకపోయినా అన్నం వాకిలికి వెళుతుంది. వీధి మలుపులో అటు దాటి ఇటు దాటి మళ్ళీ అటు దాటుతుంది. పేరు వినడానికి. వరసలో వెనకున్నవాళ్ళు విని ముఖముఖాలు చూసుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. ఈ ఊళ్ళో ఎవరి ముఖం వాళ్ళకి భయం.

పిలిచి గట్టిగా తిట్టాను. ఏ పేరైనా అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక్క వాకిలి కూడా పిలవకపోతే చెరిగిపోతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కుసుమ పేరు నిలబెట్టే గొడవలో తన పేరు పోతోంది. తౌడమ్మ అనే మనిషి ఈ ఊళ్ళో ఉండదు. ఇంకొకరి పేరు మీద నడుస్తోందని తేలితే పందిరి అవతలికి, ఎండలోకి తోసేస్తారు. బల్ల మీద పడుకో, ముఖం మారుస్తాను అన్నాను.

తౌడమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నా పేరు ఎల్లిపోతే ఎల్లిపోనీ అప్పా. పాతికేళ్ళ పైన పిలిపించుకున్నాను, సాలదేటి? దాన్ని నానొగ్గీస్తే ఎవులు పిలుస్తారు?"

అన్నం తిన్నావా అని మాత్రం అడిగాను. తలూపింది. అబద్ధం.

సోమవారం.

కూర్మారావు గారు వచ్చారు. వాకిళ్ళ అధికారి. ఆయనకీ ముఖం ఉంది, దానికీ పక్షానికోసారి మర్దన కావాలి. మొహమాటస్తుడు. అధికారులు సాధారణంగా ఆవిరి పడుతున్నంతసేపూ ఆజ్ఞలు వేస్తారు, ఈయన తువ్వాలు అడగడానికి కూడా మొహమాటపడతాడు.

కనుబొమల మధ్య ఒత్తుతుంటే మొదలుపెట్టాడు. కుసుమ పేరు రోజూ పిలవబడుతోందట. నీళ్ళ దగ్గర, అన్నం దగ్గర, ఉత్తర వీధిలో. పడిపోయిన పిల్ల ఎలా తిరుగుతోందని పైనుంచి అడుగుతున్నారట. అమావాస్య నాడు ఆఖరి వాకిలి దగ్గర కూర్చుని, ఉన్న పేర్లూ పోయిన పేర్లూ సరిచూసి చెప్పాలట.

నా వేళ్ళు ఆగలేదు గానీ చల్లబడ్డాయి. ఆయనకి తెలిసే ఉంటుంది. ముఖం మీద వేళ్ళున్నవాళ్ళు, వేళ్ళ కింద ముఖమున్నవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు ఏం దాచగలరు?

"ఆ పేరు మీద ఎవరు నడుస్తున్నారో నాకు తెలిస్తే అవతలికి పంపక తప్పదు, పైడితల్లి గారూ," అన్నాడు కళ్ళు మూసుకునే. "తెలియకుండా ఉంటే బావుణ్ణు అనిపిస్తోంది. మా అమ్మ కూడా మీ చేతుల మీదుగానే వెళ్ళింది."

రోజ్ వాటర్ పట్టీలు కళ్ళ మీద వేసి, పక్క గదిలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడ్డాను.

మంగళవారం. పందిరి మీద కుట్టేవాళ్ళ అడుగుల చప్పుడు.

రాత్రంతా నిద్ర లేదు. తెల్లారేసరికి ఒక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచన. కానీ అదొక్కటే ఉంది.

తౌడమ్మకి కావలసింది కుసుమ ఊళ్ళో తిరగడం కాదు. అది నాకు కనబడుతూనే ఉంది. పిలుపు లేకుండా పోయిందన్నదే ఆ తల్లిని కోస్తోంది. ఎవరూ వెళ్ళి రమ్మనకుండా, గోడ మీద సుద్దరాతలా చెరిగిపోతుందేమోనని. పిలుపు కావాలంటే ముఖం కావాలి. ఆ ముఖం మా ఊళ్ళోనే ఉంది. తల్లి మెడ మీద ఉంది.

బంగారమ్మని ముందు పిలిచాను. చేతుల బొబ్బలు మాని తోలు ఊడుతోంది. నేను చెప్పింది కిందికి చూస్తూ వింది. "దానికి పిలుపవ్వలేదని మా జట్టు గుంటలెవులూ సరిగ్గా తినట్లేదప్పా," అంది. "ఇసకలో దొరికిందని నాను సెప్తాను."

తర్వాత తౌడమ్మ దగ్గరికి వెళ్ళాను. నువ్వు శవంలా పడుకోవాలి అని ఒక తల్లికి ఎలా చెబుతాం? చెప్పాను. కుసుమ పేరు పోతుందని చెప్పాను. ఆ తర్వాత కాటి పొయ్యి దగ్గర్నుంచి లోపలికి రావాలంటే వాకిలి నిన్ను తౌడమ్మగా గుర్తుపట్టాలి, ఆ వాపు నేను తెప్పించగలనో లేదో నాకే తెలియదు అని కూడా చెప్పాను. వాకిలి మూడుసార్లే చూస్తుంది. మూడోసారీ పిలవకపోతే మర్నాటి దాకా మూసేస్తుంది. ఆ ఎండలో మర్నాటి దాకా ఎవరూ బతకరు.

తౌడమ్మ ఒక్కటే అడిగింది. వాకిలి దాన్ని వెళ్ళి రమ్మంటుందా అని. అంటుందన్నాను. సరే అంది.

అమావాస్య. తెల్లవారుజాము చల్లన, తర్వాత ఎండ.

ఇన్నేళ్ళలో చాలా ముఖాలు చేశాను. పోయినవాళ్ళని బతికున్నట్టు చేశాను. బతికున్న మనిషిని పోయినట్టు చెయ్యడం ఇదే మొదలు.

కస్తూరి పసుపు, శనగపిండి కలిపి నలుగు పెట్టాను. నూనె వేడి చేయలేదు. చల్లని నూనెతోనే నుదురు సాపు చేశాను. కనుబొమలు వదులు చేశాను. పెదవుల చివర్లు కుసుమకి కొంచెం పైకి ఉంటాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు. అక్కడ నా వేళ్ళు ఆగిపోయాయి. తౌడమ్మ కళ్ళు మూసుకునే, ఒత్తప్పా అంది. ఒత్తాను. తెల్లగుడ్డ కప్పాం. బంగారమ్మ, నేను బండి తోశాం. దారిలో వాకిళ్ళు నన్నూ బంగారమ్మనీ పిలిచాయి. గుడ్డ కప్పిన మనిషి జోలికి అవి రావు.

ఆఖరి వాకిలి దగ్గర కూర్మారావు ఒక్కడే కుర్చీలో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. ఎక్కడ దొరికిందని అడిగాడు. ఇసకలో అంది బంగారమ్మ. ఆయన చూపు బండి మీద ఆ చివర్నుంచి ఈ చివరికి వెళ్ళి ఆగింది. నేనూ చూశాను. గుడ్డ చాల్లేదు. పాదాలు బయటికి ఉన్నాయి. యాభయ్యేళ్ళ మడమలు, నిలువునా పగిలి ఉన్నాయి. ముఖం తప్ప ఇంకేదీ నిలబెట్టుకోని ఊరు మాది.

కూర్మారావు వంగి, గుడ్డ కిందికి లాగి పాదాలు కప్పాడు. తర్వాత ఆచారం ప్రకారం ముఖం తిప్పుకున్నాడు. బంగారమ్మా తిప్పుకుంది. నేను తల వంచుకుని గుడ్డ తీశాను.

వాకిలి చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది నాకు. తౌడమ్మ ఊపిరి బిగబట్టింది. రెప్ప కదలలేదు.

"వెళ్ళి రండి, కుసుమ గారూ."

తలుపు అవతలికి తెరుచుకుంది.

ఆ గొంతులో ఏమీ ఉండదు, అది యంత్రం. ఆ సంగతి నాకు తెలుసు. అయినా బండి తొయ్యడం నా వల్ల కాలేదు. బంగారమ్మ ఒక్కతే తోసింది, నేను పట్టుకుని నడిచాను. తలుపు మా వెనక మూసుకుంది.

తౌడమ్మ లేచి కూర్చుంది. కుసుమ కుట్టుబట్టలు, సూదుల సంచీ తెచ్చాం. తనే దిగి వాటిని పొయ్యిలో పెట్టింది. కాసేపటికి బట్ట కాలిన వాసన వచ్చింది. కళ్ళు అలాగే పొడిగా ఉన్నాయి. ఎండ పొయ్యి గోడ మీదికి దిగుతోంది. నేను గోడ నీడలో తౌడమ్మని కూర్చోబెట్టి పని మొదలుపెట్టాను. కళ్ళ కింద ఒత్తాను. చెక్కిళ్ళు కిందికి తోశాను. గిల్లాను. చెంపలు కూడా వాయించాను. సీసాలో ఉప్పునీళ్ళు పట్టాను, కక్కింది.

మొదటిసారి వాకిలి ముందు నిలబెట్టాం. వాకిలి చూసింది. ఏమీ అనలేదు. కుసుమ పేరు దానిలో లేదు, తౌడమ్మ దానికి కనబడలేదు. మళ్ళీ నీడలోకి తీసుకొచ్చి మళ్ళీ ఒత్తాను. నా వేళ్ళు నొప్పెట్టాయి. రెండోసారి నిలబెట్టాం. మళ్ళీ నిశ్శబ్దం. నీడ అడుగు వెడల్పుకి వచ్చింది. నేను ఇన్నాళ్ళూ నమ్ముకున్న చేతులు అక్కడ నన్ను వదిలేశాయి. బంగారమ్మ నా వైపు చూడటం మానేసింది. మా ఇద్దరినీ పిలుస్తుంది, తలుపు తెరుస్తుంది, పిలవని ఈవిణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. ఆ ఆలోచన ముగ్గురికీ ఒకేసారి వచ్చి ఉంటుంది.

తౌడమ్మ నా చెయ్యి తన ముఖం మీంచి తీసేసింది.

"అప్పా, పిలుపైపోనాది కదా?"

అయిపోయిందన్నాను.

"అయితే ఏడవొచ్చా?"

ఏడువే తల్లీ అన్నాను. నేను అనడం ఏమిటి, ముందు నేనే ఏడ్చాను.

అలాంటి ఏడుపు నేను వినలేదు. నెల్లాళ్ళు బిగబట్టింది ఒక్కసారిగా వచ్చింది. నేల మీద కూలబడి, ఇసక గుప్పిళ్ళతో పట్టుకుని, పిల్ల పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడ్చింది. పుట్టినప్పటి ముచ్చట్లు, పళ్ళు వచ్చినప్పటి జ్వరం, నిచ్చెన మొదటిసారి ఎక్కిన రోజు, అన్నీ చెప్పుకుని ఏడ్చింది. బంగారమ్మ వెనక నుంచి పట్టుకుంది. ఎండ మా వీపుల మీద పడింది. ఎవరం కదల్లేదు. ఈ ఏడుపు ఆపమని చెప్పే నోరు నాకు లేదు.

మెల్లగా గొంతు అరిగిపోయాక తల ఎత్తింది. చూశాను. కళ్ళు ఉబ్బి గీతలయ్యాయి. ముక్కు, పెదవులు, బుగ్గలు పొంగి ఎర్రగా ఉన్నాయి. బూరె ముఖం. ఏ నూనె, ఏ ఒత్తు తేలేని వాపు. ఇరవయ్యారేళ్ళ కిందట కడుపులో పిల్లతో నిలబడి రాయించుకున్న ముఖం అదే.

చెయ్యి పట్టుకుని వాకిలి ముందు నిలబెట్టాను. మూడోసారి.

"రండి, తౌడమ్మ గారూ."

లోపల కూర్మారావు కుర్చీ దగ్గర నిలబడి ఉన్నాడు. బండి తోసుకుని ఇద్దరం వెళ్ళాం, ముగ్గురం తిరిగి వస్తున్నాం. అడుగుతాడనుకున్నాను. ఆయన మా వైపు ఒకసారి చూసి, పిలుపు లేకపోయినా, ఎవరూ పోకపోయినా, ఆచారం ప్రకారం ముఖం తిప్పుకున్నాడు. మేం వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు.

గురువారం. పందిరి కుట్టు పూర్తయింది.

ఉత్తరం అంచు కుట్టేశారు. కింద నుంచి చూస్తే ఆ చోట దారం కొత్తగా తెల్లగా కనబడుతోంది. బంగారమ్మ తనే కుట్టిందట, ఇంకెవర్నీ ముట్టనివ్వలేదట.

పంతులమ్మ వచ్చింది, కూర్మారావు గారి నుంచి తువ్వాలు కావాలని కబురొచ్చింది, ఆవిరి గిన్నె మళ్ళీ మొరాయించింది. కొట్టబోయి ఊరుకున్నాను. నా చేతుల మీద నాకింకా నమ్మకం కుదరలేదు. ప్రతి ముఖం దగ్గరా ఒకసారి ఆగి, ఇది ఎవరిది అని పైకి అనుకుని మొదలుపెడుతున్నాను. పంతులమ్మ విని, నాకు మతి పోతోందా అన్నట్టు చూసింది.

సాయంత్రం తౌడమ్మ తన వంతుకి వచ్చింది. వీధి వాకిలి ఒక్క చూపుకే పేరు పిలిచింది, నాకు లోపలికి వినబడింది. వచ్చి బల్ల మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఇంకా ఉబ్బే ఉంది. అలవాటుగా ఉప్పునీళ్ళ గ్లాసు కలిపి చేతికివ్వబోయాను.

"కొన్నాళ్ళు అక్కర్నేదులే అప్పా," అంది.